తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి

చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నం తినగానే వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుని, పెంకుల కింద వరసగా కనిపించే వాసాల్ని లెక్కపెట్టేవాణ్ణి. ఒకరోజు ముప్ఫై ఒకటి వచ్చేవి, ఇంకోరోజు ముప్ఫై మూడు. మా మామ్మ చూసిందంటే చేతిలో విసనకర్రతో నెత్తి మీద ఒక్కటిచ్చేది. "తిన్నింటి వాసాలు లెక్కపెడతావేంట్రా, దరిద్రం!" సామెత సంగతి నాకప్పుడు తెలియదు. మనిల్లే కదా మామ్మా, లెక్కపెడితే ఏమవుతుంది అని అడిగితే పక్కన చుట్ట చుట్టుకుంటున్న తాతయ్య నవ్వేవాడు.

పెట్టిన చెయ్యినే కరిచేవాడి గురించిన సామెత అది. కడుపు నిండా తిని, పైకి చూసి, రాత్రికి ఈ ఇంట్లోకి ఎటునుంచి దిగాలో అంచనా వేసుకునే రకం. మామ్మ మాట కొట్టిపారేయడానికి లేదు. కానీ ఇప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. గత నాలుగైదేళ్లుగా పొద్దున్నే మంచం దిగబుద్ధి అవుతోందంటే ఆ లెక్కపెట్టే జబ్బే కారణం. అందుకే సామెతతో చిన్న పేచీ పెట్టుకుంటున్నాను. తిన్నింటికి వాసాలెన్నో, అవి ఎవరు కోసుకొచ్చి ఎక్కించారో తెలియనివాడికి ఆ ఇంటి మీద విశ్వాసం ఎక్కణ్ణుంచి వస్తుంది?

సంగతి మొదటినుంచీ చెప్పాలి.

2020 జూలైలో నా ఉద్యోగం పోయింది. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పంతొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశాను. పదకొండు నిమిషాల వీడియో కాల్‌తో సరిపోయింది. ఫోన్ పెట్టేసే ముందు అవతల మాట్లాడుతున్న కంపెనీ అమ్మాయి "ఇన్నేళ్లు మీకిక్కడ దొరికిన అవకాశానికి కృతజ్ఞతతో ముందుకెళ్లండి సార్" అంది. ఆ పిల్లని ఏమీ అనలేను. ఎదురుగా కాగితం ఉండి ఉంటుంది, చదివింది. కానీ కృతజ్ఞత అన్న మాట మీద నాకు చాలాకాలం ఒళ్లుమంట ఉండేది.

ఇల్లు ఖాళీ చేసి ఊరికి వచ్చేశాం. మాది కోనసీమ. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ దాటితే అవతల మామిడికుదురు వైపు చిన్న ఊరు. అమ్మ ఉంది, ఇల్లుంది, రెండెకరాల చేనుంది, చుట్టూ సినిమా వాళ్లు పాటలు తీసుకోవడానికి వచ్చే అందం ఉంది. నా భార్య వారంలో సర్దుకుంది. మా అమ్మాయి సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఆన్‌లైన్ క్లాసులు వినడం నేర్చుకుంది. నేను మాత్రం పదిన్నర దాకా మంచం దిగేవాణ్ణి కాదు. దిగి చేసేదేముంది?

మా బావమరిది మంచివాడు. నా సంగతి తెలిసి రోజూ తెల్లవారి ఐదుంపావుకల్లా వాట్సాప్‌లో ఒక ఫోటో పంపేవాడు. సూర్యోదయం, కొబ్బరిచెట్లు, మధ్యలో "ప్రతి ఉదయం ఒక కొత్త అవకాశం". ఆ చెట్లు ఏ దేశానివో. నేను ఫోన్ తీసేసరికి నా కిటికీలోంచి పదహారు నిజం కొబ్బరిచెట్లు కనిపిస్తూ ఉండేవి. ఫోటోలో చెట్లూ ఏమీ చేయలేదు, కిటికీలో చెట్లూ ఏమీ చేయలేదు.

ఇక్కడ ఒక మాట. పరిసరాలు మనిషిని బాగుచేస్తాయన్నది అబద్ధమేమీ కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు తిరగేసి ముచ్చటైన లెక్క తీశాడు. గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్లలో 23 మంది కిటికీలోంచి చెట్లు కనిపించాయి, అలాంటివాళ్లే ఇంకో 23 మందికి ఇటుక గోడ కనిపించింది. చెట్లు చూసినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు. ఆ ముప్పావు రోజుని నేను నమ్ముతాను. గాయం మానడానికి పచ్చదనం చాలు కాబోలు. మరి మానిన మనిషి లేచి పనిలోకి వెళ్లడానికి? అక్కడే నాకు తేడా కనిపించింది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్లంతా ఉత్సాహంతో ఉరకలేస్తూ ఉండాలి కదా, అందం ఒక్కటే చాలితే. మా ఊరి సెంటర్లో పొద్దున్న ఏడింటికి టీ కొట్టు దగ్గర కూర్చుని సాయంత్రం ఏడింటికి అక్కణ్ణుంచే లేచేవాళ్లు నాకు కనీసం పదిమంది తెలుసు. నేను పదకొండోవాణ్ణి కాబోతున్నాను.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ స్నేహితుడు ఒకడు డైరీ సలహా ఇచ్చాడు. రోజూ రాత్రి మూడు విషయాలు రాయాలట, నీకు ఉన్నందుకు సంతోషపడాల్సినవి. సరే అని మా అమ్మాయి పాత నోట్‌బుక్‌లో మొదలుపెట్టాను. మొదటి రోజు: ఆరోగ్యం, కుటుంబం, సొంత ఇల్లు. రెండో రోజు: కుటుంబం, ఆరోగ్యం, అమ్మ చేతి వంట. మూడో రోజు మళ్లీ అవే, వరస మారింది. తొమ్మిదో రోజుకి అది టీవీ చూస్తూ రాసే రామకోటిలా తయారైంది. చెయ్యి రాస్తోంది, మనసు ఎక్కడో ఉంది. పైగా రాసిన ప్రతిసారీ ఇంకో జాబితా పక్కనే లేచేది. ఆరోగ్యం ఉంది, ఉద్యోగం లేదు. ఇల్లు ఉంది, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ కూడా ఉంది.

డైరీ పద్ధతికి ఆధారం లేకపోలేదు. ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2003లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది. కాలేజీ పిల్లల్ని మూడు గుంపులు చేసి, ఒక గుంపుని వారానికి ఒకసారి కృతజ్ఞత కలిగించిన ఐదు విషయాల దాకా రాయమన్నారు, రెండో గుంపుని చిరాకుపెట్టినవి రాయమన్నారు, మూడో గుంపుని ఏవో జరిగిన సంగతులు రాయమన్నారు. పది వారాలయ్యాక మొదటి గుంపుకి తమ జీవితం మీద నమ్మకం కాస్త మెరుగ్గా ఉంది, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. వారానికి ఒకసారి అన్నది గమనించండి. మనవాళ్లకి ఏదైనా రోజుకి మూడుపూటలా మాత్రలా వేసుకుంటే గాని తృప్తి ఉండదు. నా డైరీ ఎందుకు చచ్చిపోయిందో అప్పట్లో అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, చెబుతాను.

నన్ను కదిలించింది ఒక లస్కరు.

డెల్టాలో పుట్టనివాళ్లకి ఈ మాట తెలియకపోవచ్చు. కాలవల మీద లాకులు, తూములు ఉన్నచోట షట్టర్లు ఎత్తడం, దించడం, గేజి చూసి నీళ్లెంత ఉన్నాయో రాయడం, రాత్రిళ్లు గట్టు వెంట తిరిగి గండ్లు పడకుండా చూడటం, షట్టరు దగ్గర పోగయ్యే గుర్రపుడెక్క లాగిపారేయడం ఆయన పని. మా ఊరి దగ్గర లస్కరు అప్పటికి అరవైకి దగ్గరలో ఉన్నారు. నేను ఆ రోజు సాయంత్రం గట్టు మీదికి వెళ్లింది ప్రకృతిని చూద్దామని కాదు, ఇంట్లో అమ్మకీ నాకూ మాటా మాటా వచ్చి. కాలవ నిండా గుర్రపుడెక్క పట్టి కంపు కొడుతోంది. ఆ విసురంతా ఆయన మీద చూపించాను.

"ఏంటి బాబాయ్, కాలవ ఇలా ఉంటే మీరేం చేస్తున్నట్టు?"

"ఆయ్, తీస్తానే ఉన్నామండి. ఇదివరకు ముగ్గురం, ఇప్పుడు నేనొక్కణ్ణేనండి." ఆయన గెడకర్ర ఆపలేదు. కొంచెంసేపాగి అడిగారు. "ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసా బాబూ?"

"ధవళేశ్వరం నుంచి."

"అది అందరూ చెప్తారండి. ధవళేశ్వరం నించి మీ చేలోకి ఎలా వస్తున్నాయని."

నాకు తెలియదు. నలభై మూడేళ్ల మనిషిని, ఆ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి, నాకు తెలియదు. ఆయన గెడకర్ర గట్టుకి ఆనించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టారు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలవకి తల. అక్కణ్ణుంచి లొల్ల లాకులు. అక్కణ్ణుంచి గన్నవరం. గన్నవరం దగ్గర ఏటికి అడ్డంగా ఏరు. అంటే కింద వైనతేయ సముద్రానికి పోతుంటే, దాని నెత్తి మీదుగా కాలవ అక్విడక్టు ఎక్కి మా దీవిలోకి వస్తుంది. ఆ తర్వాత చిన్న కాలవలు, వాటి నుంచి బోదెలు, బోదెల నుంచి చేలు. ఆయన ఒక్కో లాకు దగ్గరా పనిచేసే మనుషుల్ని బంధువుల్లా చెప్పారు. ఫలానా చోట మా బావగారండి, ఫలానా చోట కొత్త కుర్రాడు, రాత్రిళ్లు పడుకుంటాడండి, ఫోన్ చేసి లేపాలి. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైతే వంతులు పెడతారు. వంతు తప్పితే శివారు భూముల వాళ్లు కర్రలు పట్టుకొస్తారు. ఆ రాత్రి షట్టరు దగ్గర కూర్చునేది ఆయనే.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. చెప్పుకుంటే చాదస్తంలా ఉంటుంది గానీ, ఆ రాత్రి కంచంలో అన్నం కొంచెం వేరుగా కనిపించింది. రుచి మారలేదు. ఎవరో ఒకాయన ఫోన్ చేసి ఇంకో కుర్రాణ్ణి నిద్రలేపితే వచ్చిన అన్నం అది.

మర్నాడు ఆరింటికి లేచాను. అక్విడక్టు చూద్దామని. చిన్నప్పటినుంచి బస్సులో వెయ్యిసార్లు ఆ పక్కనుంచి వెళ్లినవాణ్ణే. పాత అక్విడక్టుకి నలభై తొమ్మిది ఖానాలు, అంటే కమానులు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, దానికి తోడుగా ఇది కూడా ఆ రోజుల్లో కట్టిందే. ఒడ్డున నిలబడి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. కొన్ని తుప్పల్లో, లంక గడ్డిలో దాక్కుంటాయి, కిందికి దిగి చూడాలి. మామ్మ ఉంటే విసనకర్రతో వచ్చేది.

ఆ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మే 15న ఊరూరా విగ్రహాలకి దండలు వేస్తారు. గుర్రం మీద కూర్చున్న ఒక తెల్లదొరకి రైతులు తమ డబ్బులతో విగ్రహాలు పెట్టుకోవడం దేశంలో ఇంకెక్కడా నేను చూడలేదు. గోదావరి స్నానాల దగ్గర సంకల్పం చెప్పే కొందరు పంతుళ్లు ఆంగ్లదేశస్థుడైన ఆ భగీరథుణ్ణి కూడా స్మరించే శ్లోకం చదువుతారు. నాకది ఎప్పుడూ ఆశ్చర్యమే. మడీ ఆచారం గురించి అంత పట్టింపు ఉన్న జనం సంకల్పంలోకి ఒక క్రైస్తవుణ్ణి రానిచ్చారు. నీళ్లు ఎవరి వల్ల వచ్చాయో వాళ్లకి కచ్చితంగా తెలుసు కాబట్టి రానిచ్చారు. "మంచి మనసుతో ఉండండి" అని ఎవరో బోధిస్తే జరిగే పని కాదది.

ఆ తెలియడం కూడా సగమే అనుకోండి. కాటన్‌కి కుడిభుజంగా ఉండి కూలీల్ని పోగుచేసి పని నడిపించిన వీణెం వీరన్న పేరు మా ఊళ్లో అడిగితే పదిమందిలో ఇద్దరు చెబుతారేమో. గంపలు మోసిన వేలమందిలో ఒక్క పేరు కూడా ఏ రాయి మీదా లేదు.

ఇప్పుడు నా డైరీ ఎందుకు చచ్చిపోయిందో చెబుతాను. అకౌంట్స్ మనిషిని, నా భాషలోనే చెప్పుకోవాలి. ప్రతి బ్యాలెన్స్ షీట్‌కీ రెండు పక్కలుంటాయి. ఒకటి ఆస్తులు, రెండోది అప్పులు. ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం అని నేను రోజూ రాసింది ఆస్తుల పక్క. ఆస్తుల జాబితా ఎంత రాసినా పక్కింటివాడి జాబితా గుర్తుకొస్తుంది, లేదా పోతుందేమోనని భయం వేస్తుంది. కృతజ్ఞత ఉండాల్సింది ఎదురు పక్కన. ఎవరికి ఎంత బాకీ అన్నది అక్కడ రాయాలి. మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోరు, చెబితే "ఏంటి పరాయివాళ్లలా" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ధన్యవాదాలు అన్న మాట మైకు ముందు తప్ప నోటికి రాదు. కానీ నిజంగా మేలు జరిగిననాడు గొంతు పూడుకుపోయి వచ్చే మాట ఏది? "మీ రుణం తీర్చుకోలేను." బాకీ భాష అది. కృతజ్ఞత అన్న సంస్కృతం మాటకి కూడా అర్థం చేసిన మేలు తెలిసి ఉండటమే. కృతం, అంటే చేసినది. జ్ఞత, అంటే తెలిసి ఉండటం. గుండె పొంగడం గురించి ఆ మాటలో ఎక్కడా లేదు. ముందు తెలియాలి.

బాకీ మాట ఎందుకు పట్టుకున్నానంటే, దానికి మనిషిని కదిపే గుణం ఉంది. ఆస్తి ఉన్నవాడు పొద్దెక్కేదాకా పడుకోవచ్చు. అప్పున్నవాడు పడుకోలేడు. నాకు మోటివేషన్ వీడియోలు ఇవ్వలేకపోయినదాన్ని లస్కరు గారి బాకీ ఇచ్చింది. వారం తర్వాత ఆయనతో పాటు గెడకర్ర పట్టుకుని గుర్రపుడెక్క లాగాను. రెండు గంటల్లో నడుం పట్టేసింది, ఆయన నవ్వారు. "మీరు కూర్చోండి బాబూ, అడ్డమొస్తన్నారు." అది నిజమే. నాకు చేతనైంది వేరే ఉంది. మాటల్లో తేలిందేమిటంటే, ఆయనకి నాలుగు నెలల జీతం రావాలి. ఎక్కడ ఆగిందో ఆయనకి తెలియదు. కూర్చుని తేదీలవారీగా పట్టిక వేసి, పాత చెల్లింపుల కాగితాలు జతచేసి, పద్ధతిగా అర్జీ రాసిచ్చాను. పంతొమ్మిదేళ్ల అకౌంట్స్ ఉద్యోగంలో నేను రాసిన అతి మంచి కాగితం అదేననిపిస్తుంది. రెండు నెలల డబ్బు వచ్చింది. మిగతా రెండు నెలలది నేను ఊళ్లో ఉన్నంతకాలం రాలేదు.

ఇక్కడే చాలామందితో నాకు తేడా వస్తుంది. కృతజ్ఞత గురించి మాట్లాడేవాళ్లలో సగం మంది దాన్ని నోటికి వేసే తాళంలా వాడతారు. "ఉన్నదాంతో తృప్తిపడు." "అదైనా లేనివాళ్లెందరో." పనిమనిషి రెండు వందలు పెంచమంటే ఈ మాట. కోడలు ఉద్యోగం చేస్తానంటే ఈ మాట. నా ఉద్యోగం పీకుతూ ఆ కాగితంలో రాసింది కూడా ఈ మాటే. గమనించి చూడండి, ఇది ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంది. కూలి యజమానితో "ఇన్నేళ్లు నేను చేసినందుకు కృతజ్ఞతతో ఉండండి" అనడం నేనెప్పుడూ వినలేదు.

బాకీ లెక్క సరిగ్గా రాసుకున్నవాడికి తనకి రావలసినదీ కనబడుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేదు, మురుగు కాలవలు బాగుచేయరు, చేలు మునుగుతున్నాయి, మేం వేయం అన్నారు. కాటన్ విగ్రహానికి దండ వేసే రైతులే వాళ్లు. ఒకటి చేస్తూ రెండోది ఎలా చేశారని నాకెప్పుడూ అనిపించలేదు. అసలు కాటన్ ఏమన్నా నెమ్మదస్తుడా? కంపెనీ దొరల్నీ, ప్రభుత్వాన్నీ నీటిపనులకి డబ్బివ్వమని దశాబ్దాల పాటు పీడించాడు. రైళ్ల మీద పోసే డబ్బు కాలవల మీద పెట్టండని పోట్లాడాడు. 1878లో, డెబ్బయ్యయిదేళ్ల వయసులో, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కూడా అదే వాదన. ఉన్నదాంతో తృప్తిపడే మనిషైతే మాకు నీళ్లు వచ్చేవి కావు.

తిరిగి నా కిటికీ దగ్గరికి వస్తాను. పదహారు కొబ్బరిచెట్లు అన్నాను కదా. లస్కరు గారి ప్రశ్న తలకెక్కాక ఏది చూసినా అదే అడగడం మొదలుపెట్టాను, ఇది ఇక్కడికి ఎలా వచ్చింది అని. ఒకరోజు అమ్మ పెరట్లో ఈనెలు చీరుకుంటుంటే చెట్ల గురించి అడిగాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ వాళ్లెవరూ మరిచిపోరు. నేనప్పుడు కాకినాడలో చదువుకుంటున్నాను, నాలుగు రోజులకి గాని ఊరు చేరలేకపోయాను. మా పెరట్లో చెట్లు మొవ్వులు విరిగి, వేళ్లతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అంతవరకు నాకు గుర్తుంది. తర్వాత సంగతి అమ్మ చెప్పింది. నిలబడ్డవి నాలుగే. మరుసటి సంవత్సరం తాతయ్య పన్నెండు గోతులు తవ్వించాడు. ఆయనకి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు, ఉబ్బసం. మా వైపు పొడుగు రకం చెట్టు కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది. అమ్మ ఉండబట్టలేక అడిగిందట, "మావయ్యగారూ, ఈ వయసులో మీకెందుకండీ ఈ శ్రమ" అని. ఆయన పెద్ద మాటలేమీ చెప్పలేదు. "గోతులు తీసినవాళ్లకి కూలి ఇచ్చేశానమ్మా. ఇప్పుడు మొక్క పెట్టకపోతే ఆ డబ్బు దండగ కదా."

2000లో పోయాడు. ఒక్క బొండం కూడా తాగలేదు.

నేను ఆ కిటికీలోంచి నెలల తరబడి చూసినవి ఆ పన్నెండు చెట్లూ, తుపానుకి నిలిచిన ఆ నాలుగూ. బావమరిది పంపే ఫోటోకీ వాటికీ నా కంటికి తేడా కనిపించని చెట్లు. ఇప్పుడు వాటిలో ఏవి తాతయ్యవో, ఏవి తుపానుకి నిలిచినవో చూపించగలను. తుపానువి కొంచెం పడమటికి వంగి ఉంటాయి. దింపు తీయడానికి మనిషి వచ్చినరోజు నేను కింద నిలబడి గెలలు లెక్కరాసుకుంటాను. అంబాజీపేట బజారు ధర ఎంతుందో కనుక్కుంటాను. ఆ సంవత్సరం మూడు కొత్త మొక్కలు పెట్టాను. ఒకటి చచ్చిపోయింది.

గన్నవరం దగ్గర పాత అక్విడక్టు పక్కన కొత్తది కట్టి 2000లో దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆవిడ (1841–1909) ఆ లంకల గన్నవరంలోనే ఉండేది. ఏరు దాటి వచ్చేవాళ్లకి, వేళాపాళా లేకుండా, ఎవరేమిటని అడక్కుండా అన్నం పెట్టింది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి పిలుపొస్తే నేను రానని కూర్చుందనీ, ఆవిడ ఫోటో పట్టుకెళ్లి కుర్చీలో పెట్టారనీ మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. చక్రవర్తి కథ కన్నా నాకు నచ్చింది ఇంకోటి. అన్నం పెట్టిన మనిషి పేరు కాలవ మోసే కట్టడానికి పెట్టాలని ఎవరికో తట్టింది చూశారా, ఆ బుర్ర ఎవరిదో గానీ లెక్కలు తెలిసిన బుర్ర. ఇప్పుడు ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. తిన్నవాళ్లెవరో ఆవిడ రాసుకోలేదు, వాళ్లే వందేళ్లుగా రాసుకుంటున్నారు.

2021 సెప్టెంబరులో ఇంకో ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చేశాను. జీతం పాతదాని కన్నా తక్కువ. ఫ్లాట్ కుత్బుల్లాపూర్ వైపు, పడగ్గది కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ. ఉల్రిచ్ గారి రెండో గుంపులో పడ్డానన్నమాట. ఇక్కడ వాసాలెక్కడున్నాయి లెక్కపెట్టడానికి అనుకున్నాను మొదట్లో. తర్వాత ఒకరోజు కుళాయి దగ్గర నిలబడి అలవాటుగా అదే ప్రశ్న వేసుకున్నాను. జవాబు వెతికితే నవ్వొచ్చింది. 2015 చివరినుంచి నగరంలో ఈ వైపు ప్రాంతాలకి గోదావరి నీళ్లు వస్తున్నాయి. పైన ఎల్లంపల్లి దగ్గర నదిలోంచి ఎత్తి, దాదాపు రెండు వందల కిలోమీటర్లు గొట్టాల్లో తోసుకొస్తున్నారు. అంటే మా ఊరికి దిగిరావలసిన నీళ్లలో ఒక గ్లాసుడు నేనిక్కడే తాగేస్తున్నాను. లస్కరు గారికి ఫోన్ చేసి చెబితే "అందుకేనండీ మాకు గేజి తగ్గిపోతంది" అన్నారు.

ఆలోచనల సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. రాత్రి మూడింటికి మెలకువ వచ్చిందంటే నా బుర్ర ఈఎంఐలు, అమ్మ మోకాళ్లు, అమ్మాయి ఫీజులు అన్నీ ఒకేసారి పట్టుకొస్తుంది. పాజిటివ్‌గా ఆలోచించు అని దానికి చెప్పి చూశాను. వినదు. అందుకని దానికో పని పెట్టాను. బొబ్బర్లంక దగ్గర మొదలుపెట్టి నీళ్ల వెంట నడుస్తాను. లొల్ల లాకులు, గట్టు, గన్నవరం, నలభై తొమ్మిది ఖానాలు, చిన్న కాలవ, బోదె, మా చేను. చాలాసార్లు గన్నవరం చేరకముందే నిద్రపట్టేస్తుంది. కొన్ని రాత్రులు చేను దాకా వెళ్లి, గట్టు మీద కూర్చుని, మళ్లీ ఈఎంఐ దగ్గరికే వస్తాను. అన్ని రోజులూ ఇది పనిచేస్తుందని చెప్పను. కిందటి నెల పదిరోజులు ఏదీ పనిచేయలేదు. లేచి ఆఫీసుకి వెళ్లానంటే అలవాటు కొద్దీ వెళ్లాను, అంతే.

డైరీ మానలేదు. కానీ ఇప్పుడు ఆదివారం రాత్రి ఒక్కటే రాస్తాను, ఒక్క పద్దు. ఎవరు, ఏం చేశారు, నేనేం చెల్లించాలి. "లిఫ్ట్ పాడైతే వాచ్‌మన్ బియ్యం బస్తా నాలుగో అంతస్తుకి మోశాడు. వాళ్లబ్బాయి పాలిటెక్నిక్ ఫారం నింపిపెట్టాలి." ఇలాంటివి. చెల్లించాక పక్కన టిక్ పెడతాను. టిక్ లేనివే ఎక్కువ.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మాయిని అక్విడక్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడది కాలేజీ పిల్ల, ఇలాంటివాటికి తొందరగా రాదు. ఫోటోలు తీసుకోవచ్చని ఆశపెట్టాను. ఒడ్డున నిలబడి ఇద్దరం లెక్కపెట్టాం. తనకి నలభై ఎనిమిదే వచ్చాయి.

"నలభై తొమ్మిది" అన్నాను.

"లేదు నాన్నా, నువ్వు ఆ తుప్పల దగ్గరిది రెండుసార్లు లెక్కపెట్టావు."

నేను పెట్టలేదు. తను ఒప్పుకోలేదు. ఎండ ఎక్కుతోంది, ఇంటి దగ్గర అమ్మ భోజనానికి ఎదురుచూస్తూ ఉంటుంది. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, ఈసారి రెండో వైపునుంచి మొదలుపెట్టాం.